నల్ల తేలు

వాకిట్లో మా ఆయన బండి ఆయిల్ మారుస్తున్నాడు. ఆ మాడిన వాసన వంటింట్లోకి వస్తే నాకు ఇప్పటికీ అరికాళ్లు జిల్లుమంటాయి.

చిన్నప్పుడు పలాస దగ్గర మామ్మ ఇంట్లో పెరిగి, ఖరగ్‌పూర్‌లో అమ్మానాన్నల దగ్గరికి కొత్తగా వచ్చాను. ఒక ఆదివారం నాన్న, పక్కింటి బెంగాలీ దాదా మోటార్‌సైకిల్ ముందు కూర్చున్నారు. దాదా ఇంజిన్‌లోకి తొంగి చూసి, "తేల్ ఏక్‌దమ్ కాలో!" అన్నాడు.

కాలో అంటే నలుపని అప్పటికే నేర్చుకున్నాను. నల్ల తేలు! అది కుడితే మనిషి దక్కడని మామ్మ అనేది.

నాన్న కింద నట్టు విప్పగానే పళ్లెంలోకి నల్లటి నూనె కారింది. తేలు మాత్రం రాలేదు. అంటే లోపలే ఉంది. నాన్న పక్క మూత తీసి, పాత ఫిల్టర్ కోసం ఆ చీకటి కంతలోకి వేళ్లు పెట్టాడు. ఎలా అరిచానో తెలియదు.

"నాన్నా, సెయ్యెట్టకు! తేలున్నాది!"

నాన్న ఒక్క గెంతు గెంతాడు. పళ్లెం బోర్లాపడింది. "ఏటే? ఎక్కడే తేలు?"

దాదా మాత్రం కదల్లేదు. వింతగా నా వైపు చూసి, "హ్యా, తేల్ తో ఆఛేయ్! భొయ్ కీ?" అన్నాడు. ఉంది కదా, భయమెందుకు అని.

"ఓలమ్మా, ఈళ్లకి తేలంటే నూనె గదే!" అని నాన్న పగలబడి నవ్వాడు. నవ్వాడు గానీ, మళ్లీ కంతలో వేలు పెట్టేముందు ఆయనా ఒకసారి లోపలికి తొంగి చూశాడు.

ఇప్పుడు నాకు బెంగాలీ బాగానే వచ్చు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఎవరైనా వెనక నుంచి "తేల్" అంటే మాత్రం, ముందు కాళ్ల దగ్గర చూసుకుంటాను.