మైకు పట్టుకుని మనోవర్తి ముంచబోయిన రోజు

నా కూతురి కేసును అవతలి వకీలు ముంచలేదు. కన్నతల్లిని, నేనే ముంచబోయాను. అదీ కోర్టులో కాదు, విడవలూరులో మా చర్చిలో, మైకు పట్టుకుని. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

విడాకులయ్యేనాటికి మా అల్లుడు ప్రసాదు లారీ క్లీనరు. ఆ కూలికి తగ్గట్టే నా కూతురు సునీతకూ, మనవరాలికీ కోర్టు మనోవర్తి వేసింది. తర్వాత అతను కృష్ణపట్నం పోర్టులో క్రేను ఎక్కాడు. జీతమూ క్రేనుతో పాటే పైకి లేచింది, మనోవర్తి మాత్రం నేల మీదే ఉండిపోయింది. పిల్లను బడి మాన్పించే పరిస్థితి వచ్చి, పెంచమని సునీత కోర్టుకెక్కింది. ప్రసాదేమో "ఇంకా కూలిపనేనండి" అన్నాడు. మా వకీలమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మీ అమ్మాయి కుట్టుపని గురించి ఎక్కడా గొప్పలు చెప్పబాకండి. కేసయ్యేదాకా గమ్మునుండండి."

"నేనెందుకు చెప్తానమ్మా" అన్నాను.

గమ్మునుండటమంటే నాకు చేపను గట్టు మీద కూర్చోబెట్టినట్టే. చచ్చి స్వర్గానున్న నా మొగుణ్ణి అడగండి, చెబుతాడు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు. అంటే, దేవుడు చేసిన మేలును లేచి అందరికీ చెప్పుకోవాలి. ప్రసాదు తల్లి రూతమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చి, నా వెలిసిపోయిన పమిట వైపు చూసింది. ఊరికే చూసిందంతే. నా కాళ్ళు ఊరుకోలేదు. మైకు దగ్గరికి ఎప్పుడు వెళ్ళానో నాకే తెలియదు.

"నా బిడ్డ కుట్టుమిషన్ను దేవుడు దీవించినాడు. ఒక మిషను నాలుగైనాది. పనికి అమ్మాయిల్ని పెట్టినాది. నెల్లూరు నుంచి కార్లేసుకోని వస్తా ఉండారు, జాకెట్లు కుట్టించుకోను."

ఉన్నది ఒకే మిషను, దానికీ తొక్కుడుబల్ల తాడుతో కట్టి ఉంది.

"అమ్మా, చాల్లే, దిగు" అంటూ సునీత వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇటియ్యి వదినా ఆ మైకు, నేనూ చెప్పాల" అని రూతమ్మ లాక్కుంది. ఆమె ఏం చెప్పిందో వినే భాగ్యం మాకు లేదు. సునీత నన్ను అప్పటికే గేటు దాటించేసింది.

మా చర్చి ఆరాధనంతా వీడియో తీసి ఫోన్లలో పెడతారు. వాయిదా రోజు అవతలి వకీలు దాన్ని జడ్జిగారికి చూపించాడు. నా ముక్క దాకా చూసే సంబరపడ్డాడు కాబోలు, చివరిదాకా చూసుకోలేదు.

"ఇది మీరేనా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"నేనేనయ్యా."

"చెప్పింది నిజమేనా?"

అవునంటే పిల్ల చదువు పోతుంది. కాదంటే దేవుడి ముందు అబద్ధమాడినదాన్నవుతాను. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాను.

"కొంచెం పెంచి చెప్పినానయ్యా."

"ఎంత కొంచెం?"

"మూడు మిషన్లు, అమ్మాయిలందరూ, కార్లన్నీ."

కోర్టంతా నవ్వింది. ఆ నవ్వుల్లో ఫోను ఆపడం ఎవరికీ గుర్తు లేదు. అందులోంచి రూతమ్మ గొంతు లేచింది.

"మా అబ్బయ్యను క్రేను ఆపరేటర్ని చేసినావు తండ్రీ. జీతం మూడింతలు చేసినావు. కారు కూడా ఇచ్చినావు."

వకీలు ఫోను మీదికి ఉరికాడు. "ఉండనివ్వండి" అని జడ్జిగారు ప్రసాదు వైపు తిరిగారు. "మీ అమ్మగారు కూడా పెంచి చెప్పారా?"

ప్రసాదు తన వకీలు వైపు చూశాడు. కంపెనీ నుంచి జీతం కాగితాలు తెప్పించారు. రూతమ్మ మాటలో ఒక్క పొల్లు లేదు. మనోవర్తి పెరిగింది, పిల్ల బడి నిలిచింది.

అంటే ఆ రోజు దేవుడి ముందు నిజం చెప్పింది రూతమ్మ, అబద్ధం చెప్పింది నేను, గెలిచింది మేము. ఈ లెక్క మా పాస్టరుగారికి కూడా తేలలేదు. తర్వాతి ఆదివారం ఆయన మైకు నా వైపు చాపి, "సాక్ష్యం చెప్పవా అక్కా" అన్నారు.

"దేవుడు కోర్టులోనే ఉండినాడు పాస్టరయ్యా, అంతా చూసినాడు. మళ్ళీ నేను చెప్పేదేముండాది" అన్నాను.

మీ అందరి ఎదుట ఒట్టేసి చెబుతున్నాను. ఊపిరున్నంత కాలం నేనిక మైకు ముట్టను. రూతమ్మ పట్టుకుంటే మాత్రం, చివరిదాకా కూర్చుని వింటాను.