సూరమ్మ నడుం తొక్కిన కాళ్ళు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ సూరమ్మ ఈ రోజు పొద్దున్న కుళాయి దగ్గర జారి పడినాది. నడుం పట్టేసింది. రైల్వే ఆస్పత్రికి ఎల్దాం, ఎక్స్‌రే తీస్తారన్నాను.

"ఇంట్లో ఎదురుకాళ్ళది ఉండగా ఆస్పత్రెందుకే?" అన్నాది.

ఆ ఎదురుకాళ్ళది ఆవిడ కోడలు పైడమ్మ. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందొచ్చి పుట్టినాది. అలాంటోళ్ళు తొక్కితే నడుం పట్టు వదిలిపోద్దని మనోళ్ళ నమ్మకం. ఆ కాళ్ళనే సూరమ్మ పెళ్ళయిన కాడ్నుంచీ దరిద్రపు కాళ్ళని తిడతాది. పేరంటానికి కూడా తీసుకెళ్ళదు.

సూరమ్మ చాప మీద బోర్లా పడుకున్నాది. పైడమ్మ కాళ్ళు కడుక్కొచ్చి, "ఎముకకేటైనా అయ్యిందేమో అత్తా, ఒకసారి చూపించుకుంటే?" అన్నాది.

"నువ్వేటి, డాక్టరమ్మవా? నోర్మూసుకుని గట్టిగా తొక్కు."

గట్టిగానే తొక్కినాది. పటుక్కుమన్న సప్పుడు గుమ్మంలో ఉన్న నాకు కూడా వినిపించినాది.

ఆస్పత్రికి మోసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరిగిందట. నెలల తరబడి మంచం దిగకూడదట. నడుం ఒకరి కాళ్ళకింద పెట్టే ముందు లోపల ఏటి విరిగిందో చూపించుకోవాల. ఆ కాళ్ళని ఇన్నాళ్ళూ ఏటేటి అన్నామో కూడా తలుచుకోవాల.

సాయంత్రం ఆస్పత్రికి చూడ్డానికెళ్ళినాను. "నీళ్ళియ్యే పైడీ, గొంతు ఎండిపోతంది" అని సూరమ్మ మూలుగుతోంది.

పైడమ్మ స్టూలు మీంచి కదల్లేదు. "దరిద్రపు కాళ్ళు కదత్తా, మెల్లగా వస్తాయి."

కూజా నా పక్కనే ఉన్నాది. నేనూ లెగలేదు. మీరైతే లెగుదురా?