పందికొక్కుకి నేను వేసిన సున్నా

మా చిన్నప్పటి సంగతులు ఏవి తలుచుకున్నా నవ్వొస్తుంది... ఈ ఒక్కటి తలుచుకుంటే మాత్రం రోత పుడుతుంది. నా మీద నాకే.

తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవులు. గవర్నర్‌పేటలో మా పెద్దమ్మ వాళ్ల మేడమీది గది... కిటికీకి తడిపిన గోనెపట్టాలు, కింద టోకు కొట్లలోంచి ఎండుమిరపకాయల ఘాటు. నేలమీద బోర్లా పడుకుని పెద్దమ్మ కొడుకు రవి అన్నయ్య, పక్కన నేను, మా వెనక చెల్లి సునీత. అన్నయ్య చేతిలో అరచేతంత వీడియో గేమ్. స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకున్నది. సెలవులు అయ్యేలోపు తిరిగి ఇచ్చేయాలి. ఆలోపే ఆట చివర ఉండే పెద్ద పోటీ గెలవాలి... అదీ మా పంతం.

ఆ ఆటలో వింత జంతువుల్ని పట్టుకుని జట్టు కట్టాలి. జట్టులో ఆరింటికే చోటు. ఏది పనికొస్తుంది, ఏది దండగ అని తేల్చే పని నాది. పొడుగు నోటుబుక్కులో స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఒక్కోదానికి ఒక్కో వరుస. ఎన్ని పోట్లాటలకు దిగింది, ఎన్ని గెలిచింది, ఎన్నిసార్లు సొమ్మసిల్లింది... రోజూ సాయంత్రం పది మార్కులకి ఇన్ని అని వేసేదాన్ని.

ఎంత చిరాకు జట్టో అది! మంటపిల్లికి ఎనిమిది వేశాను గానీ, నాలుగు నీటిచుక్కలు పడితే చాప చుట్టేసేది. తాబేలు దెబ్బ పడకముందే డిప్పలో దూరేది. కప్పది ఎప్పుడూ నిద్రమొహమే. అన్నిటికన్నా హీనం పందికొక్కు. బూడిదరంగు ఒళ్లు, బయటికి పొడుచుకొచ్చిన రెండు పళ్లు, చూడ్డానికే వెగటు... ఒక్క పోట్లాటా గెలవలేదు, రోజూ సున్నాయే వేశాను. దానికి వచ్చిన విద్య ఒక్కటే. దారికి అడ్డంపడ్డ రాళ్లను కొరికి తీయడం.

ఆ పని సునీతది. పదేళ్ల పిల్ల కదా, పోట్లాటలు దాని చేతికి ఇచ్చేవాళ్లం కాదు. రాళ్లు వచ్చినప్పుడు మాత్రం అన్నయ్య గేమ్ దానివైపు తోసేవాడు.

"ఇదిగోనే, నీ డ్యూటీ వచ్చింది!"

అది చేతులు రెండూ గౌనుకి తుడుచుకుని మరీ అందుకునేది. పందికొక్కుని 'చిట్టి' అని పిలిచేది. దారి తెరుచుకోగానే మేం మళ్లీ లాక్కునేవాళ్లం. మిగతా వేళల్లో మంచినీళ్లు తేవడం, అయిపోయిన పెన్సిల్ సెల్స్ డాబా మీద ఎండబెట్టడం... అవీ దాని పనులే.

ఆ మధ్యాహ్నం ఒక కొండ సొరంగంలో ఉన్నాం. పందికొక్కు తీసిన రాళ్లు, మేం దాటగానే వెనకాల మళ్లీ పడిపోయేవి. అలా మూడు చోట్ల దాటొచ్చాం. సొరంగం అవతలే పోటీ జరిగే ఊరు. సునీతని షోడాలకి కిందికి పంపాం.

అప్పుడే దొరికింది మాకు పిడుగుగద్ద! అన్నయ్య గంతేశాడు. కానీ అది ఏడోది. జట్టులోంచి ఎవర్ని వదిలేస్తారని ఆట అడిగింది. వదిలేస్తే ఇక తిరిగి రాదు.

"చెప్పండి లెక్కల టీచరమ్మా, ఎవణ్ణి గెంటేద్దాం?"

నోటుబుక్కు తీసి చూపించాను. "ఇదిగో... పదకొండు పోట్లాటలు, సున్నా గెలుపులు."

"సునీత ఏడుస్తుందేమోనే..."

"ఏడిస్తే ఏడవనీ. తిండి దండగ అన్నయ్యా ఆ పందికొక్కు. లెక్క లెక్కే."

అన్నయ్య బటన్ నొక్కాడు. పందికొక్కు ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయింది. వెంటనే ఆట సేవ్ చేశాడు. కొత్తది సేవ్ చేస్తే పాతది చెరిగిపోయే రకం అది.

నాలుగడుగులు వేశామో లేదో... ఎదురుగా రాళ్లు.

సరిగ్గా అప్పుడే సునీత మూడు షోడా సీసాలు గుండెకి హత్తుకుని మెట్లెక్కి వచ్చింది. ఏం చేశామో మాకు తట్టనే లేదు. అన్నయ్య అలవాటు ప్రకారం గేమ్ దానివైపు తోశాడు. "రా రా, నీ డ్యూటీ!"

అది సీసాలు కిందపెట్టి, చేతులు తుడుచుకుని అందుకుంది. జట్టు పట్టిక తెరిచింది. పైనుంచి కిందికి చూసింది. మళ్లీ కిందినుంచి పైకి చూసింది.

"చిట్టేదక్కా?"

అప్పుడు గానీ మాకు వెలగలేదు. ముందు రాళ్లు, వెనక రాళ్లు. వాటిని కదిపేది జట్టులో ఒక్కటీ లేదు. ఆపేసి మళ్లీ పెట్టి చూశాం... అదే సొరంగం. మొదటినుంచి ఆడదామంటే సెలవులు మూడు రోజులే మిగిలాయి.

"నీ మార్కులు తగలెయ్య! రాళ్లు తీసేదాన్ని పంపించేస్తావా?"

"బటన్ నొక్కింది నువ్వు!"

"సున్నా వేసింది నువ్వేగా!"

సునీత ఏడవలేదు. "నేనొచ్చేదాకా ఆగొచ్చు కదా... షోడాలకేగా వెళ్లాను," అంది. అంతే.

ఆ సాయంత్రం నోటుబుక్కు తెరిస్తే అసహ్యమేసింది. పందికొక్కు ఎన్నిసార్లు దారి తెరిచిందో రాయడానికి అందులో గడే లేదు. అంత శ్రద్ధగా పట్టిక గీసిన నేను, ఆ ఒక్క గడీ గీయలేదు.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో అలాంటి ఆటే ఆడుతున్నాడు. మొన్న పక్కన కూర్చుని చూశాను. ఎవరో ఒకాయన వీడియోలో జంతువుల్ని వరసగా పెట్టి, ఇది టాప్, ఇది వేస్ట్ అంటూ తేల్చేస్తున్నాడు. వింటుంటే వెగటు పుట్టింది... అచ్చం నా గొంతే.

"దారిలో రాళ్లు పడితే ఎవరు తీస్తార్రా?" అని అడిగాను.

"ఇందులో రాళ్లుండవమ్మా. మ్యాప్ మీద నొక్కితే నేరుగా వెళ్లిపోవడమే," అన్నాడు తలెత్తకుండా.

సునీత ఇప్పుడు మంగళగిరిలో ఉంటుంది. ఇన్నేళ్లకైనా తప్పు ఒప్పుకుందామని నిన్న ఫోన్ చేశాను. ఆ ఆట పేరెత్తగానే అది నవ్వేసింది.

"చిట్టి రాళ్లు కొరుకుతుంటే భలే చప్పుడొచ్చేది కదక్కా! ఆ చప్పుడు కోసమే కూర్చునేదాన్ని మీతో."

నాకు ఆ చప్పుడు గుర్తులేదు. నిన్నటినుంచి ఎంత ఆలోచించినా తట్టడం లేదు... మార్కులు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

ఇప్పటి ఆటల్లో ఆ రాళ్లూ లేవు, వాటికోసం ఎదురుచూసే పిల్లలూ లేరు. చిన్నప్పుడు అలాంటి ఆట ఆడినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే... ఆ చప్పుడు ఎలా ఉండేదో కాస్త రాయండి.