మోదుగాకులో కోడి సేమ్యా

కోడి సేమ్యాను కంచంలోనే తినాలి. అది పులావులా పొడిగా ఉండదు, ఉప్మాలా ముద్దగా ఉండదు. ముక్కలూ సేమ్యాలూ రసంలో మునిగి ఉంటాయి. ఆకులో పెడితే ఆ రసం నిలవదు. ఈ సంగతి మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ నేను ఒక సాయంత్రం ఆకులో పెట్టాను.

మాది చిట్యాల దగ్గరి ఊరు. మాకు దొరల గడి, కోటలాంటి ఇల్లు, ఉండేది. బాపు, అంటే మా నాన్న, పట్నం నుంచి కబురు లేకుండా వచ్చేవారు. కాళ్లు కడుక్కున్న తర్వాత ఆయన వంట కోసం కాచుకొని కూర్చునే మనిషి కాదు. పులావు వండే వ్యవధి ఉండదు కనుక అమ్మ లేత కోడిని కోయించి, ముక్కలు చిన్నగా కొట్టించి, అవి ఉడికిన రసంలోనే నేతిలో వేయించిన సేమ్యాలు వేసేది. బాపు షేర్వాణి విప్పి, ముఖం తుడుచుకొని వచ్చేసరికి కంచాల్లో పొగలు వచ్చేవి.

ఆ సేమ్యాలు ఎండాకాలంలో మేమే చేసేవాళ్లం. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నులిమి, సన్నటి పోగులు తీసి, నులక మంచం మీద పరిచిన బట్టపై ఆరేసేవాళ్లం. నావి వెంట్రుకల్లా వచ్చేవి. చెల్లెవి లావుగా, వంకరగా వచ్చేవి.

"ఇవి సేమ్యాలా, ఎర్రలా?" అనేవారు బాపు.

"ఎర్రలే బాపూ. చేపలు తిన్నట్టు తిను" అనేది అది. ఆయనకు అలా జవాబు చెప్పే ధైర్యం ఇంట్లో దానికొక్కదానికే ఉండేది.

మాకు ఒక్కొక్కరికి ఒక్కో కంచు కంచం. అడుగున పేరులోని మొదటి అక్షరం చెక్కించి ఉండేది. ఇంటివాళ్లు, చుట్టాలు కంచాల్లో తినేవారు. పనికి వచ్చినవాళ్లు పెరట్లో, మోదుగాకులతో కుట్టిన ఇస్తరాకుల్లో తినేవారు. తిన్నాక వాళ్ల ఆకు వాళ్లే ఎత్తి పారేసి, కూర్చున్న చోటు తడిబట్టతో తుడిచి వెళ్లేవారు. చుట్టం ఎవరూ తన ఎంగిలి తాను ఎత్తిన పాపాన పోలేదు. ఎవరు మావాళ్లు, ఎవరు కాదు అని మా ఇంట్లో నోటితో చెప్పేవారు కాదు. ముందర పెట్టింది చూసుకుంటే తెలిసిపోయేది.

తర్వాత భూములు పోయాయి, అమ్మ పోయింది, గడి కూలింది. బాపు, నేను, చెల్లె ఆలేరులో రెండు గదుల కిరాయి ఇంట్లో చేరాం. నాకు ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. మేము ఎవరి ముందూ చేయి చాపలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను. చిరిగిన షేర్వాణి అయినా సరే, గుండీలన్నీ పెట్టుకోనిదే బాపు గడప దాటలేదు.

చెల్లె పోచంపల్లి నేతగాణ్ణి పెళ్లి చేసుకుంది. అతను మా వీధికి చీరల మూట తెచ్చేవాడు. చీరలు చూస్తూ చూస్తూ ఇది మనిషిని చూసింది. ఒకనాడు వెళ్లిపోయి, పెళ్లయిందని ఉత్తరం రాసింది. బాపు ఆ ఉత్తరం చదివి మడిచి, "దాని కంచం కంచరోళ్లకిచ్చి కరిగించు. ఈ ఇంట్ల మల్ల కనబడొద్దు" అన్నారు.

నేను కరిగించలేదు. సందూకలో నా చీరల కింద దాచాను. అది చాలా పెద్ద పని చేసినట్టు, చెల్లెకు నా వల్ల కావలసిందంతా అందులోనే తీరిపోయినట్టు అనుకున్నాను. రెండేళ్లకు బాపు కాలం చేశారు. చెల్లె ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నేను చదివాను, జవాబు రాయలేదు. అప్పటికి ఆయన మాట నా మాటే అయిపోయింది.

మరో రెండేళ్లకు, ఒక బుధవారం బడి నుంచి వచ్చేసరికి చెల్లె మా మెట్ల మీద కూర్చొని ఉంది. చిక్కిపోయింది. మెడ కింద ఎముకలు తేలాయి.

"ఎప్పుడొచ్చినవ్?" అన్నాను.

"మూడు గంటల బండికి."

"బడికి రాకపోయినవా?"

"నీ బడిల నీ పరువు తియ్యొద్దని గిక్కడనే కూసున్న" అని నవ్వింది. ఎత్తిపొడుపో నిజమో దాని నవ్వులో ఎప్పుడూ తెలియదు. "రేపు పట్నం దవాఖానల చేరాలె అక్కా. కడుపుల గడ్డ ఉన్నదట. కోసి తీస్తరట."

"భయమైతుందా?"

"నాకేం భయం? నీ చెల్లెను." మెట్టు మీది నుంచి లేచింది. "ఏడున్నరకు బండి. ఆయన సికింద్రాబాదు స్టేషన్ల కూసుంటనన్నడు. గంతల కోడి సేమ్యా చేస్తవా అక్కా? దవాఖానల గంజే పోస్తరట."

అది అడిగింది తిండి మాత్రమే కాదని నాకు తెలుసు. అది నాకు తెలుసని దానికీ తెలుసు. నేను తాళం తీశాను. లోపలికి రమ్మనలేదు. తానే వచ్చి ముందుగదిలో చాప మీద కూర్చుంది.

గోడ పక్కన ఒక ముసలమ్మ కోళ్లు పెంచేది. ఆమె మనవరాలు నా దగ్గరే చదువుకునేది. గోడ మీదుగా అడిగాను.

"ఏం దొరసానీ, బుధారం నాడు కోడా? అల్లుడొచ్చిండా ఏంది?"

"అల్లుడు రావాలంటే బిడ్డ ఉండాలె గద అవ్వా. చెల్లె వచ్చింది."

నాలుగేళ్ల తర్వాత నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ముందుగదిలో చాప చప్పుడైంది. చెల్లె విన్నది.

అవ్వ లేత పెట్టను కోసి ఇచ్చింది. "ఈకలు పీకుడు పెట్టుకోకు, తోలుతోనే గుంజెయ్" అంది. గుంజేశాను. అమ్మ ముక్కలు కొట్టించేది గాని తాను కొట్టలేదు. నేను ఆలేరు వచ్చాకే నేర్చుకున్నాను. త్వరగా ఉడకాలని వేలి కణుపంత ముక్కలు చేసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం, ఎల్లిగడ్డ పట్టించాను. పంపు స్టవ్వు మీద ఉల్లిగడ్డ ఎర్రబడగానే ముక్కలు వేసి, వాటి నీళ్లు ఇగిరాక నాలుగు గిలాసల నీళ్లు పోసి మూత పెట్టాను. కట్టెల పొయ్యి మీద సేమ్యాలు నేతిలో వేయించాను. వాసన ముందుగదికి పోయినట్టుంది. చెల్లె వచ్చి వంటింటి గడప అవతల నిలబడింది.

"నేను కొత్తిమీర తెంపనా?"

"కూసో. అలిసి వచ్చినవ్."

ప్రేమతో అన్నట్టే ఉంది. కాదని ఇద్దరికీ తెలుసు. అది గడప దాటలేదు, వెనక్కి వెళ్లి కూర్చుంది.

ముక్క మెత్తబడ్డాక మంట పెంచి, రసం తెర్లుతుండగా సేమ్యాలు వేశాను. ఈ వంటలో అసలు పని ఆ రెండు మూడు నిమిషాల్లోనే. పోగు ఉడకాలి, విడిగా ఉండాలి. దించాక ఆగకూడదు. ఆగితే సేమ్యాలు రసమంతా తాగి గడ్డ కడతాయి. కొత్తిమీర చల్లి దించి, కంచం కోసం లోపలి గదిలోకి వెళ్లి సందూక తెరిచాను. చీరల కింద చేయి పెట్టాను. చల్లగా తగిలింది. అడుగున చెక్కిన అక్షరం వేలికి తెలిసింది. ఎంతసేపు అలా ఉన్నానో, దించిన గిన్నెను తలచుకుంటే ఎంతోసేపు కాదు. తర్వాత సందూక మూశాను.

ఆ కంచం తీస్తే, నాలుగేళ్లూ నేను తప్పు చేసినట్టు నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అంత వంగడం నాకు చేతకాలేదు.

బడి వేడుకలకు తెచ్చిన మోదుగాకు ఇస్తరాకులు వంటింటి అటక మీద ఉన్నాయి. ఒకటి తీసి దులిపి, నీళ్లు చిలకరించి చెల్లె ముందు పరిచాను.

చెల్లె ఆకును చూసింది. నా వైపు చూడలేదు.

వడ్డించాను. సేమ్యా ఆకు నడుమ నిలిచింది. రసం కుట్లలోంచి కారి, చాప అంచు దాకా పాకింది. చెల్లె ఎడమచేతిని ఆకు కింద దొప్పలా పెట్టి, కుడిచేత్తో సేమ్యాలను గట్టులా తోసింది.

"రసం నీ లెక్కనే ఉన్నది అక్కా. ఒక్క జాగల నిలవది" అంది. నాలుగేళ్ల తర్వాత అది నన్ను నవ్వించాలని చూసింది. నవ్వితే అయిపోయేది. లేచి లోపలికి వెళ్లి కంచం తేవడానికి నవ్వు మంచి సాకు అయ్యేది.

"మెల్లగ తిను" అన్నాను.

"నువ్వు?"

"నాకిప్పుడు ఆకలి లేదు. తర్వాత తింట."

"తర్వాత తింటే గడ్డ అయితది గద."

చెల్లె తిన్నది. ముక్కలన్నీ తిన్నది, పోగు కూడా మిగల్చలేదు. "అమ్మ చేతి లెక్కనే ఉన్నది" అంది. తర్వాత తన ఆకు తానే మడిచింది. నేను లేచేలోపే దాన్ని పట్టుకొని వెళ్లి గోడవతల కుప్పలో వేసి, చేతులు కడుక్కొని, దండెం మీది పాతబట్ట తడిపి తెచ్చి, తాను కూర్చున్న చోటు తుడిచింది. రసం మరకలేవీ లేకుండా, మా పెరట్లో పనివాళ్లు తుడిచినట్టే. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికేదాన్ని.

"పోయొస్త అక్కా."

"మంచిగ పో" అన్నాను. స్టేషన్‌కు వెళ్లలేదు. గిన్నె మూత తీసి చూస్తే సేమ్యాలు రసమంతా తాగి గడ్డకట్టి ఉన్నాయి.

పది రోజులు తిరగకముందే ఉత్తరం వచ్చింది. ఎవరో రాసిపెట్టిన అక్షరాలు. గడ్డ తీసిన నాలుగోనాటికి చెల్లె చనిపోయింది.

నెల తర్వాత పోచంపల్లి వెళ్లాను. కంచాన్ని సంచిలో పెట్టుకున్నాను. అతనికి ఇచ్చేసి, జరిగింది చెప్పి రావాలనుకున్నాను. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అతను ఒక్కడే ఉన్నాడు. తానే వండాడు. మగ్గం పక్కన పీట వేసి, నీలం అంచు పింగాణీ కంచంలో అన్నం, పప్పు, పచ్చిపులుసు పెట్టాడు.

"ఇది ఆమె తినే కంచం వదినె. ఇంట్ల వేరేది లేక కాదు. మీకు గిండ్లనే పెట్టాలనిపించింది."

అతను ఎదురుగా కూర్చొని తానే మాట మొదలుపెట్టాడు.

"బండి దిగంగనే మీ ముచ్చటే వదినె. అక్క కోడి సేమ్యా చేసిందని, నాలుగేండ్ల సంది నా కంచం దాచిపెట్టిందని, గండ్లనే పెట్టిందని. ఆపరేషనుకు తీస్కపోయేటప్పుడు గూడ, నాకేం ఫికర్ లేదు, మా ఇంట్ల నా కంచం ఉన్నది అన్నది." అతను తల ఎత్తాడు. "అడుగున ఆమె అక్షరం ఉంటదట గద?"

కంచం దాచినట్టు చెల్లెకు నేను ఎన్నడూ చెప్పలేదు. తాను అబద్ధం ఆడాననుకొని, దాచిన మాట వరకు అది నిజమే చెప్పింది.

"ఉన్నది" అన్నాను.

సంచి నా మోకాలికి ఆనుకొనే ఉంది. తీసి ఇస్తే, చెల్లె చివరిసారి తిన్న కంచమని అతను కళ్లకద్దుకుంటాడు. నిజం చెబితే, చెల్లె కష్టపడి కాపాడిన నా పరువుతో పాటు అతనికి మిగిలిన ఆ ఒక్క ముచ్చటా పోతుంది. సంచి తెరవలేదు. పెట్టిందంతా తిన్నాను.

తిన్నాక కంచం పట్టుకొని లేచాను.

"అయ్యో, ఉండనియ్యండి వదినె, నేను తీస్త గద" అంటూ అతను చేయి చాపాడు. ఇవ్వలేదు. వాకిట్లో కంచం కడిగి బోర్లించి, తడిబట్ట తెచ్చి, వంగి, నేను కూర్చున్న చోటు తుడిచాను.

"గిదంత మీకెందుకు వదినె?"

"అలవాటే" అన్నాను.

మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.