నునుపు తేలిన పడవ

బస్సుల డిపోలో రంగుల విభాగం చూసుకుని పదవీ విరమణ పొందాక నేను రంగు వేసిన పడవ ఒక్కటే. అది ముంచింగిపుట్టుకు అవతల, జలాశయం రేవులో ఉండేది. ఆ వానాకాలం చివర, నొప్పులు పడుతున్న తన కోడలిని పడవవాడు తానే అవతలి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి దాటిస్తుండగా నడినీటిలో ఆమె ప్రాణం పోయింది. బిడ్డా దక్కలేదు. మనిషి పోయిన పడవ ఎక్కితే ఆ మనిషి తోడు పిలుస్తుందని గూడెంలో నమ్మకం. నాటి నుంచి అందులో ఒక్కరూ కాలు పెట్టలేదు.

"కొత్త పడవలాగ అవుపించాల బాబూ. ఆ నెత్తుటి మరక ఉండకూడదు," అన్నాడు పడవవాడు. "రేపు ఇంకో ఆడకూతురికి నొప్పులొస్తే ఏటి సేత్తారు? సుట్టూ తిరిగెళ్తే పొద్దు గూకిపోద్ది."

నీటి మీద అరగంట, ఒడ్డు చుట్టూ కొండదారిన అయిదు గంటలు. ఒప్పుకోవడానికి నాకు ఆ అంకెలు చాలు.

పుష్యమాసంలో పని మొదలుపెట్టాను. అక్కడ పది దాటితే గాని మంచు విడవదు. చెమ్మ చెక్క మీద వేసిన రంగు బుడగలెత్తుతుంది. సాయంత్రపు మంచు తగిలితే మెరుపు తెల్లబారుతుంది. అందుచేత పదకొండు నుంచి మూడు వరకే కుంచె పట్టాను. ఎనభై నంబరు ఉప్పు కాగితంతో పాత తారు దించి, పగుళ్లలో లప్పం నింపి, రెండు వందల ఇరవైతో చదును చేశాను. నడిమి పలక మీది మరక మాత్రం ప్రైమరు వేసిన మర్నాటికి గోధుమ రంగులో పైకి వచ్చింది. గీకి మళ్లీ వేశాను, మళ్లీ వచ్చింది. లక్క పూత పూశాక గాని ఆగలేదు. ఆపైన మూడు పూతల ఎనామిల్. పూతకూ పూతకూ మధ్య నీళ్లు చల్లి నాలుగు వందల నంబరు కాగితంతో రుద్దాను.

దారిన పోయే ఒకడు నిలబడి చూసి, "బండికేసే రంగు పడవకేత్తన్నారేటి బాబూ? దీన్ని రోడ్డెక్కిత్తారా?" అని నవ్వాడు. పడవవాడు కూడా నవ్వాడు. ఆ రేవులో అతడు నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

సంతరోజు పడవను నీటిలోకి దించాము. కుంచె జాడ ఒక్కటి లేదు. ఒడ్డున నిలిచిన వారి కాళ్లు దాని పక్కల మీద అద్దంలోలా కనిపించాయి. జనం గంపలతో వచ్చి ఆగారు. గూడెం పెద్దామె ఒకతె అంచు మీద చెయ్యి నిమిరి, వెంటనే తీసేసింది.

"మన పడవలకి తారు పూత్తాం. దీనికింత ఎందుకు?" అంది. పడవవాడు తాడు లాగి పడవను ఒడ్డుకు ఆనించాడు. ఆమె నా వైపు తిరిగింది. "ఎంత పూసినారో అంత ఉంది బాబూ అడుగున."

గంపలెత్తుకుని అందరూ కొండదారి పట్టారు.

రెండు వారాల తరువాత, చివరి పూత గట్టిపడిందో లేదో చూడటానికి వెళ్లిన రోజున, ఆ పెద్దామె మనవరాలికే నొప్పులు మొదలయ్యాయి. పడవవాడు తెడ్డుతో సహా వాళ్ల ఇంటికి పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను.

"అరగంటలో దాటించీత్తానప్పా, బేగి ఎక్కించండి!"

"నీ పడవొద్దు తమ్ముడూ," అంది పెద్దామె. "నీ బుజముంటే ఇయ్యి."

అతడు తెడ్డును గోడకు ఆనించి, డోలీ బొంగు ముందు కొసను భుజానికెత్తుకున్నాడు.

చీకటి పడ్డాక ఆస్పత్రి చేరారు. తల్లీ బిడ్డా క్షేమమని మర్నాడు కబురు వచ్చింది. పడవెక్కినామె పోయింది, డోలీ ఎక్కినామె బతికింది. గూడేనికి అంతకు మించి లెక్క అక్కరలేకపోయింది. అరగంటకూ అయిదు గంటలకూ ఉన్న తేడాను నేను మరోసారి చెప్పబోతే, వాపెక్కిన భుజానికి పసుపు రాసుకుంటున్న పడవవాడు, "ఆ లెక్క ఒగ్గీండి బాబూ," అన్నాడు.