నేల మీద కూర్చోని ఊరు

పరుపులమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పొడవాటి ఇరుకు గది ఒకటి అద్దెకు తీసుకుని, జనం మోసుకొచ్చిన పాత పరుపుల్ని విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, ఎండబెట్టి, మళ్ళీ గలేబులో కూరి దబ్బనంతో కుట్టి ఇవ్వడం ఆమె పని. ఏ పరుపు ఏ పక్కన గుంటపడిందో చూసి ఆ ఇంటి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలున్నాయో లేవో చెప్పేస్తుందని వీధిలో హాస్యమాడుకునేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎవరి గుట్టూ బయటపెట్టే మనిషి కాదామె.

దూదిని నమ్ముకున్నవాళ్ళను దూది కూడా అంత తేలిగ్గా వదలదు. తలుపులు తీస్తే దూది ఎగిరిపోతుంది, మూస్తే నుసి ఊపిరిలోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లాభం లేకపోయింది. మొదట చలికాలపు దగ్గుగా వచ్చింది, తర్వాత అన్ని కాలాల దగ్గయింది. ఆఖరికి మెట్లెక్కడమే గండమైపోయాక డాక్టరు ఆమె ఛాతీ విని, "మందులు నేనిస్తాను. గాలి మాత్రం మీరే వెతుక్కోవాలి," అన్నాడు.

ఆమె భర్త సిటీ బస్సు నడిపి అప్పుడప్పుడే పని మానుకున్నాడు. ఆయన బాధ వేరు. ఒక వారం తెల్లవారుజాము డ్యూటీ, ఇంకో వారం ఆఖరి బస్సు, అలా బతుకంతా గడిచేసరికి నిద్ర ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయింది. కళ్ళు మూస్తే రోడ్డు కనిపించేది. పిల్లలు లేరు, కట్టిపడేసే ఇల్లు లేదు. ఇంకేం, ఊరు మారదామనుకున్నారు. ఆడపిల్లకు సంబంధాలు చూసినట్టు ఇద్దరూ ఊళ్ళకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఇక్కడ ఎండ ఎక్కువ, అక్కడ ముసురు వదలదు, ఫలానాచోట గాలి మంచిదే గానీ బయట నడవడానికి చోటు లేదు అని రోజూ వంకలే. జీవితమంతా నాలుగు గోడల మధ్య కూర్చున్న ఆమెకు ఆరుబయట బతకాలని ఉంది. జీవితమంతా ఎండలో మాడిన ఆయనకు చల్లగా ఉంటే చాలు.

ముందు సముద్రం పక్కన ఉన్న ఆమె అక్క ఊరు చూసి వచ్చారు. అక్కడ సాయంత్రమైతే ఊరు ఊరంతా ఇసుకలోనే. ముసలివాళ్ళు కబుర్లాడతారు, పిల్లలు దొర్లుతారు, కుక్కలు అందరి కాళ్ళకూ అడ్డం పడతాయి. ఆమెకు నచ్చింది. కానీ ఉక్క, చెమట, ఉప్పుగాలి. తెచ్చుకున్న దబ్బనం వారం తిరక్కుండానే తుప్పు పట్టింది. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్ళీ అందుకుంది. ఆయనైతే, "నన్నెవరో ఉతికి పిండకుండా ఆరేసినట్టుంది," అన్నాడు. అక్క నొచ్చుకుంది.

తర్వాత కొండల మధ్య ఊరు. పాత బస్సు స్నేహితుడెవరో చెప్పాడు, అక్కడ ఎండా చలీ రెండూ హద్దు దాటవని. కొన్నాళ్ళు ఉండి చూద్దామని ఒక ముసలావిడ ఇంట్లో వెనక భాగం అద్దెకు మాట్లాడుకున్నారు. ఫోనులో అన్నీ అడిగింది పరుపులమ్మే. వాతావరణం ఎలా ఉంటుందంటే, బాగుంటుందని ఆవిడ చెప్పింది.

నిజంగానే బాగుంది. బస్సు దిగి మొదటి ఊపిరి తీసుకున్నప్పుడే ఆమెకు గుండెల్లో ఏదో ముడి విప్పినట్టయింది. ఎండ ఉంది గాని చురుకు లేదు. వాలు మీద ఇళ్ళు మెట్లు మెట్లుగా దిగుతూ, అడుగున ఒక పెద్ద పల్లం దగ్గర ఆగిపోయాయి. ఆ పల్లం నిండా పచ్చిక. అంత పచ్చదనం ఇద్దరూ ఎన్నడూ చూసి ఎరుగరు. పల్లం చుట్టూ నడవడానికి బాట, బాట పక్కన బల్లలు. ఆ రాత్రి ఆమె దగ్గకుండా పడుకుంది. అది ఎన్నేళ్ళకు జరిగిందో ఆమెకే గుర్తులేదు.

కొన్ని సంగతులు మాత్రం మొదటిరోజే ఆమె కంట పడ్డాయి. మంచం ఆమె ఛాతీ ఎత్తున ఉంది, ఎక్కడానికి మెట్లున్నాయి. "ఇది మంచమా, మంచెనా?" అని ఆమె నవ్వింది. ముసలావిడ నవ్వలేదు. గదుల గోడలకు నేల దగ్గర వరసగా చిల్లులున్నాయి. వంటింటి మూలలో గచ్చు మీద చిన్న దీపం పగలంతా వెలుగుతూనే ఉంటుంది, ముసలావిడ వచ్చీపోతూ దానివంక చూస్తుంటుంది. ప్రతి ఇంటి బయటి గోడకూ కొక్కెం ఉన్న పొడవాటి గడ ఒకటి వేలాడుతోంది. కాయలు కోయడానికై ఉంటుందని ఆయన అన్నాడు. ఆ వీధుల్లో కాయల చెట్టు ఒక్కటీ లేదు.

బయట బల్లలు కూడా ఎత్తే. టీకొట్టులో అందరూ నిలబడి తాగుతారు. పసిపిల్లల్ని కింద దింపరు, నడక వచ్చినవాళ్ళు కూడా తండ్రుల భుజాల మీదే. కుక్క లేదు, పిల్లి లేదు, కోడి లేదు. అంత పచ్చిక ఉండి అందులో కూర్చున్న మనిషి లేడు. కాలిగుర్తు కూడా లేదు. పొద్దున్నే పల్లం చుట్టూ అందరూ నడుస్తారు, పలకరిస్తారు, నవ్వుతారు. ఆ నవ్వే మొహాలు మాట్లాడుతూ మాట్లాడుతూనే అప్పుడప్పుడు చెట్టుకొమ్మల వైపు తిరుగుతాయి. ఆకులు కదులుతుంటే మళ్ళీ మాటల్లో పడతారు.

ఆమె ఇవన్నీ భర్తకు చెబితే, "పరుపుల దగ్గర్నుంచి ఇప్పుడు ఊళ్ళ గుట్టు చెప్పేదాకా వచ్చావన్నమాట," అని కొట్టిపారేశాడు. ఆయనకు ఊరు నచ్చేసింది.

మబ్బు పట్టిన ఒక పొద్దున ఆమె దారపు ఉండలు కొనడానికి పైవీధికి వెళ్ళింది. ముసలావిడకు పరుపు ఒకటి కుట్టి ఇస్తానని మాటిచ్చింది. కొట్టులో ఉండగా కిరాణా ఆయన మాట మధ్యలో ఆపేసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె కూడా వెళ్ళి చూసింది. ఆకు కదలడం లేదు. కింది వీధుల తలుపులు ఒకటొకటిగా తెరుచుకుని జనం బయటికి వస్తున్నారు. పరుగుల్లేవు, కేకల్లేవు. పిల్లల్ని భుజాలకెత్తుకుని వాలెక్కి వచ్చి, ఎక్కడివాళ్ళక్కడ పల్లంవైపు తిరిగి నిలబడ్డారు. ఊరంతా రాని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఆ గుంపులో ముసలావిడ కనిపించింది గాని, భర్త కనిపించలేదు.

ఆమె చూపు అందరి చూపుల వెంటే కిందికి పోయింది. పచ్చిక నడుమ ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మొహం మీద టోపీ పెట్టుకుని.

ఆమె పిలిచింది. ఆయన కదల్లేదు. కిందికి దిగబోతుంటే ఇద్దరాడవాళ్ళు చేతులు పట్టుకున్నారు. "గాలి రావాలమ్మా," అంది ఒకామె, ఓదార్పుగా. "ఒక్కోసారి తొందరగానే వస్తుంది."

"రాకపోతే?"

ముసలావిడ దగ్గరికొచ్చి, అలవాటైన పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. ఇక్కడి నేల ఊపిరి వదులుతుందట. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలి ఉంటే కొట్టుకుపోతుంది, లేకపోతే నీళ్ళలాగే పల్లానికి చేరి నిలుస్తుంది. అందులో దీపం నిలవదు, పిట్ట బతకదు. ఇళ్ళలోకీ వస్తుంది, గోడలకు ఆ చిల్లులూ వంటింట్లో ఆ దీపమూ అందుకేనట. నిలబడ్డవాళ్ళకు ఫరవాలేదు, నడుం వంచినవాళ్ళకే.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నువ్వు వాతావరణం అడిగావు. బాగుంటుందన్నాను. బాగాలేదా?"

పరుపులమ్మ చేతులు విదిలించుకుంది. దూది ఏకే రోజుల్లో నుసి లేచినప్పుడు ఊపిరి బిగబట్టి గది దాటడం ఆమెకు అలవాటే. పైట మొహానికి చుట్టుకుని, గుండెలనిండా గాలి తీసుకుని దిగింది. పచ్చికలో చచ్చిన సీతాకోకచిలుకలు రెక్కలు విప్పుకునే పడి ఉన్నాయి, పూలనుకుంది దూరం నుంచి. భర్త దగ్గర వంగి చంకల కింద చేతులు పెట్టి, బరువైన పరుపును మెట్ల మీదికి లాగినట్టు లాగింది. కొంతదూరం వచ్చాడు. అక్కడ ఆమెకు ఊపిరి చాలక, వంగి ఉండగానే ఒక్క గుటక లోపలికి పోయింది.

ముక్కులో చురుక్కుమంది. ఆ వెంటనే అంతా మెత్తబడిపోయింది. అప్పుడే ఏకిన దూదిలో మొహం దాచుకున్నట్టు ఉంది. ఇక ఏ పనీ లేదు, పడుకోవడమే అన్నట్టు ఉంది. ఆ హాయి ఆమెకు భయం వేసేంత బాగుంది. ఎలా నిటారుగా లేచిందో ఆమెకు తెలియదు. లేచేసరికి కిరాణా ఆయన గడ పట్టుకుని దిగివచ్చి, కొక్కెం ఆమె భర్త చొక్కాకు తగిలించి లాగుతున్నాడు.

వాలు మీద చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. చెంపలు ఎర్రగా, పెళ్ళినాటి మనిషిలా ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టాడు గాని ఆ చూపులో ఆదరం లేదు.

"ఎందుకు లేపావు?" అన్నాడు. "ఇన్నేళ్ళకు నిద్రపట్టింది."

అంతలో ఆకులు కదిలాయి. జనం మాట్లాడుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు దిగిపోయారు.

ఆనాటి నుంచి ఆయనకు మంచం మీద నిద్ర పట్టలేదు. మాటలు తగ్గాయి. పల్లంవైపు కిటికీ దగ్గరే కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె గదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆయన గచ్చు మీద బోర్లా పడుకుని, గోడ చిల్లి దగ్గర చెంప ఆనించి, పసిబిడ్డ పాలు తాగేటంత శ్రద్ధగా ఊపిరి పీలుస్తున్నాడు. గుమ్మంలోంచి ముసలావిడ కూడా చూసింది.

"మా ఆయనా అంతే," అంది. "మొదట మొదట నేనూ లేపేదాన్ని."

ఆమె ఆ పూటే బట్టలు సర్దింది. ఆయన ఎదురు తిరిగాడు. నీకు దగ్గు తగ్గింది కదా, నీ మొహం ఎంత తేటపడిందో అద్దంలో చూసుకో, నీ కోసమేగా ఇంత దూరం వచ్చాం అన్నాడు. అన్నీ నిజాలే. ఆమెకు ఆ గాలి వదిలి వెళ్ళడం అన్నం ముందునుంచి లేచిపోయినట్టే ఉంది.

"నా ఊపిరి బాగుపడటానికి మిమ్మల్నిక్కడ పారేసుకోమంటారా?" అంది. ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. కుట్టడం పూర్తికాని ముసలావిడ పరుపు అక్కడే ఉండిపోయింది.

చివరికి అక్క ఊరే గతి అయింది. ఉక్కా చెమటా అలాగే ఉన్నాయి, దగ్గు సగం తిరిగొచ్చింది. కానీ అక్కడ గాలి అంత తేలిగ్గా ఆగదు. తీరానికి దగ్గర్లో గోడలు లేని రేకుల పాక ఒకటి వేయించుకుని, నుసి అంతా గాలికి పోయేలా కూర్చుని పరుపులు కుడుతోంది. ఆయన పక్కన దారం చుట్టి ఇస్తాడు. నిద్ర అంతంతమాత్రమే. ఏడాదికెప్పుడో ఒకసారి మధ్యాహ్నం పూట గాలి స్తంభిస్తే, ఆయన చేతిలో ఉండ వదిలేసి నేలవంక చూస్తాడు. ఆమె ఏదో ఒక పని చెప్పి లేపుతుంది. అక్కకు ఇవేవీ తెలియవు. చలి పడక తిరిగొచ్చారనుకుంది.

ముసలావిడ పరుపు సంగతి మాత్రం పరుపులమ్మ మనసును తొలిచేది. మాటిచ్చిన పని ఆమె ఎప్పుడూ సగంలో వదల్లేదు. ఒకరోజు ఫోను చేసి, బస్సులో వేయిస్తే కుట్టి పంపిస్తానంది. అక్కర్లేదమ్మా, వెనక భాగంలోకి కొత్తవాళ్ళు దిగారు, అలాగే వాడుకుంటున్నారని ముసలావిడ చెప్పింది. ఎవరంటే, ఫ్యాక్టరీ పొగ పడక వచ్చిన చిన్న సంసారమట.

ఆ ఇల్లాలికి ఫోనివ్వమంది పరుపులమ్మ. గొంతు చిన్నది, హుషారుగా ఉంది. ఎంత బాగుందో అండీ ఇక్కడ, చలికోట్లు తెచ్చుకున్నాం, ఒక్కటీ అవసరం పడలేదు అంటోంది. పరుపులమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. నేల సంగతి, గాలి సంగతి, తన భర్త సంగతి. అవతల, పెద్దవాళ్ళను నొప్పించకూడదని నవ్వే నవ్వు. "అలాగేనండీ, చూసుకుంటాం."

ఆ నవ్వు వెనక, ఎక్కడో కింద, గచ్చు మీద గిన్నె దొర్లిస్తూ పసిపిల్ల తనలో తాను ఊ కొడుతోంది. ఊ కొట్టడం నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి ఆగి వినిపిస్తోంది.

"పాపను ఒకసారి ఎత్తుకో తల్లీ," అంది పరుపులమ్మ. "నేను వెర్రిదాన్నే అనుకో. ఎత్తుకో."

ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడైంది, అడుగుల చప్పుడైంది. పరుపులమ్మ రిసీవరు చెవికి అదుముకుని తన ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి ఆ పసిగొంతు లేచి, పైకి, ఇంకా పైకి వచ్చి, ఫోను పక్కనే గట్టిగా ఏడ్చింది.