ఫుడ్ కోర్టు ఓనరు ఎవరు

మా టవరు కింది అంతస్తులో ఫుడ్ కోర్టు ఉంది. అందులో చివరి కౌంటరు శేరిలింగంపల్లికి చెందిన ఒక అక్కది. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆమె అక్కడ దోసెలు వేస్తోంది. ఒక సోమవారం పెనం మీద నీళ్లు చల్లుతూ, నెలాఖరుకు కౌంటర్లన్నీ తీసేస్తున్నారని చెప్పింది. ఫుడ్ కోర్టు నడిపే కంపెనీ ఇకపై అన్నీ ఒకే వంటగదిలో వండించి పంపుతుందట.

“మేనేజరు చేతిల ఏం లేదంట. జర ఓనరెవరో కనుక్కో తమ్మీ. నేనే పోయి మాట్లాడుకుంట.”

ఇది నాకు తెలిసిన పనే. పెద్ద విదేశీ ఫండ్ సంస్థలు వేల కంపెనీల్లో వాటాలు కొంటాయి. ఆ కంపెనీల వార్షిక సమావేశాల్లో ఆ ఫండ్ల తరఫున ఓట్లు వేయడం మా ఆఫీసు పని. సాయంత్రానికి ఆమెకు ఇలా చెప్పగలిగాను:

ఒకటి, ఫుడ్ కోర్టు కంపెనీలో పెద్ద వాటాదారులు మూడు ఫండ్ సంస్థలు.
రెండు, టవరు సొంతదారైన కంపెనీలోనూ అవే మూడు.
మూడు, ఎదురు టవరులో ఫుడ్ కోర్టు నడిపే పోటీ కంపెనీలోనూ అవే.
నాలుగు, ఆ మూడింటిలో ఏది తీసుకున్నా దానికి మిగతా రెండూ వాటాదారులే.
ఐదు, వాటిలో అన్నిటికన్నా పెద్దది మా క్లయింటు. ఫుడ్ కోర్టు కంపెనీలో దాని ఓటు వేసేది నేను.

“అంటే ఓనరువి నువ్వేనా?”

“కాదక్కా. ఓటు మాత్రం నేను నొక్కుతాను.”

“మరి వద్దని నొక్కు.”

“నా ఇష్టం కాదు. క్లయింటు రాసిచ్చిన పాలసీ ప్రకారం నొక్కాలి.”

“గా పాలసీల దోసెల ముచ్చట లేదా?”

“లేదు.”

“పైసలెవరియి మరి?”

“జనానివి. పెన్షన్లు, పొదుపులు.”

“నా కౌంటరు తీస్తున్నరని వాళ్లకెరుకనా?”

“తెలీదక్కా.”

“ఎవ్వరికీ ఎరుక లేదు, ఎవ్వరూ తియ్యమనలే. కౌంటరైతే పోతది.”

ఆ నెలలోనే ఫుడ్ కోర్టు కంపెనీ వార్షిక సమావేశం వచ్చింది. కౌంటర్లు తీసేయాలని నిర్ణయించిన ఎండీని మళ్లీ నియమించాలన్నది తీర్మానం. బోర్డు మీటింగులకు వచ్చాడా అన్నది పాలసీ అడిగే ప్రశ్న. అన్నిటికీ వచ్చాడు. అనుకూలం అని నొక్కి, కింద వ్యాఖ్య రాసే చోట దోసె కౌంటరు సంగతి రెండు వాక్యాల్లో రాశాను. మా దగ్గర ఒకరు నొక్కింది ఇంకొకరు సరిచూడాలి. పక్క సీటులోని భీమవరం అతను చదివి నా వైపు తిరిగాడు.

“ఇది ఏ క్లాజు కిందకి వస్తుందండి?”

“దేని కిందకీ రాదు.”

“అయితే తీసేయండి. త్వరగా తీసేయండి, ఆలస్యమైతే అక్క దగ్గర లైను పెరిగిపోద్ది.”

తీసేశాను. ఇద్దరం కిందకెళ్లి దోసెలు తిన్నాం.

మిగిలిన దారి ఒకటే. వాటాదారు ఎవరైనా ముందుగా పేరు నమోదు చేసుకుంటే సమావేశంలో మాట్లాడవచ్చు. అక్క తన ఫోనులో ఖాతా తెరిచి ఒక్క షేరు కొనుక్కుంది. దాని ధర మసాలా దోసె కన్నా తక్కువే.

సమావేశం వీడియోలో జరిగింది. ముందు మాట్లాడిన వాటాదారులు ఛైర్మన్‌కు దీర్ఘాయుష్షు కోరారు. ఒకాయన వాటాదారులకు ఏటా పంపే మిఠాయి డబ్బా ఇంకా ఇంటికి రాలేదని బాధపడ్డాడు. ఆ తర్వాత తెర మీద చట్నీ గిన్నె అంచు, దాని వెనక అక్క కనిపించింది.

“నమస్తే ఛైర్మన్ సార్. గీ కంపెనీల నాకొక షేరుంది. మీ ఫుడ్ కోర్టుల కౌంటరు గుడ ఉంది. షేరు ఉండనిచ్చి కౌంటరు తీసుడేంది సార్?”

“చాలా మంచి ప్రశ్నమ్మా,” అన్నారు ఛైర్మన్. “మీలాంటి వాటాదారులే మా బలం. నోట్ చేసుకున్నాం.”

పెద్ద ఫండ్ల ఓట్లన్నీ, నేను నొక్కినవి సహా, ముందు రోజే పడిపోయాయి. ఎండీ భారీగా గెలిచాడు. సమావేశం ముగిశాక క్లయింటుకు నేను పంపాల్సిన జవాబుల్లో ఒకటి, చిన్న వాటాదారులను మాట్లాడనిచ్చారా అన్నది. నేను స్వయంగా చూశాను కాబట్టి అవునని పెట్టాను. భీమవరం అతను సరిచూశాడు. క్లయింటు కంపెనీలకు ఇచ్చే మార్కుల్లో, మంచి పాలన కింద ఆ కంపెనీకి పెరిగాయి.

నెలాఖరున అక్క పెనాన్నీ గ్రైండరునీ ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి భీమవరం అతనూ నేనూ కిందకి వెళ్లాం. కొండాపూర్‌లో ఒక హాస్టలు పక్క గల్లీలో బండి పెట్టుకుంటానంది. షేరు అమ్మేద్దామా అని అడిగాను.

“ఉండనీ. సారు నోట్ చేసుకున్నమన్నడు గద. ఏం రాసుకున్నడో వచ్చే ఏడు అడుగుత.” ఆటో ఎక్కి, డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుంది. “అప్పుడు గుడ ఓటు నువ్వే నొక్కుతవా?”

“నేనే ఉంటానేమో అక్కా.”

“నన్ను మాట్లాడనియ్యకపోతే మాత్రం వద్దని నొక్కు.”

దానికైతే పాలసీలో క్లాజు ఉందని చెప్పాను.